ది వే వి వర్ (1973): తరచుగా అడిగే ప్రశ్నలు

కేటీ, హబెల్ ఎందుకు విడిపోయారు? తప్పు ఎవరిది? మధ్యలో ఆ హాలీవుడ్ విచారణల గొడవ ఏమిటి? ఈ సినిమా చూసినవాళ్లు ఎక్కువగా అడిగేవి ఇవే. వాటికీ, వాటితో పాటు వచ్చే మరికొన్నిటికీ ఇక్కడ జవాబులున్నాయి. ముగింపుతో సహా కథ మొత్తం చెప్పేశాను కాబట్టి, ఇంకా చూడనివాళ్లు మొదటి మూడు ప్రశ్నల దగ్గర ఆగి, చూశాక మళ్లీ రండి.

ఎవరు తీశారు? ఎవరు నటించారు?

దర్శకుడు సిడ్నీ పోలాక్. నిర్మాత రే స్టార్క్, విడుదల చేసింది కొలంబియా పిక్చర్స్. కేటీ మొరోస్కీగా బార్బ్రా స్ట్రైసాండ్, హబెల్ గార్డినర్‌గా రాబర్ట్ రెడ్‌ఫర్డ్ నటించారు. కథ, స్క్రీన్‌ప్లే ఆర్థర్ లారెంట్స్‌వి. ఇదే కథను ఆయన నవలగా కూడా రాశారు. 1973 అక్టోబరులో విడుదలైంది, నిడివి దాదాపు రెండు గంటలు. అప్పట్లో పెద్ద హిట్. అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వంద గొప్ప ప్రేమకథా చిత్రాల జాబితా వేసినప్పుడు దీనికి 6వ స్థానం ఇచ్చింది.

అమెరికా చరిత్ర తెలియకపోతే అర్థమవుతుందా?

అవుతుంది. మన దగ్గర ఏదో ఒక కాలేజీలో యూనియన్ రాజకీయాలు చూసినవాళ్లు కేటీని మొదటి సీన్లోనే గుర్తుపడతారు. క్యాంటీన్ బయట బల్ల వేసుకుని కరపత్రాలు పంచే అమ్మాయి, నవ్వుతూ పక్కనుంచి వెళ్లిపోయే అబ్బాయిలు, సభలో మైకు ముందు వణికి, రెండు నిమిషాల్లో అందర్నీ కట్టిపడేసే గొంతు... ఇవి ఏ ఊరి కాలేజీలోనైనా ఉండేవే. రెండో సగంలో మాత్రం 1947 నాటి హాలీవుడ్ విచారణల గురించి కొంచెం తెలిసి ఉంటే చాలా మేలు. ఆ సంగతి కింద వివరంగా రాశాను.

పిల్లలతో కలిసి చూడొచ్చా?

పెద్ద పిల్లలైతే చూడొచ్చు. హింస పెద్దగా లేదు. పడగ్గది సన్నివేశం ఒకటుంది, తాగుడు ఎక్కువ. చిన్నపిల్లలకు బోర్ కొడుతుంది.

కథ క్లుప్తంగా?

సినిమా మొదలయ్యేది రెండో ప్రపంచ యుద్ధకాలపు న్యూయార్క్‌లో. రేడియోలో పనిచేస్తున్న కేటీ ఒక నైట్‌క్లబ్‌కు వెళుతుంది. అక్కడ బార్ దగ్గర కూర్చునే నిద్రపోతున్న ఒక నేవీ అధికారి కనబడతాడు. అతను హబెల్. అక్కడి నుంచి కథ వెనక్కి, కాలేజీ రోజులకు వెళుతుంది.

కాలేజీలో ఆమె యంగ్ కమ్యూనిస్ట్ లీగ్ కార్యకర్త. చదువుకుంటూ, హోటల్లో వడ్డిస్తూ, ఇంకో రెండు పనులు చేసుకుంటూ బతుకుతుంది. అతను డబ్బున్నవాళ్ల గుంపులో ఉంటాడు. ఆటగాడు, అందగాడు. ఇద్దరూ ఒకే రచనా తరగతిలో ఉంటారు. ఒకరోజు ప్రొఫెసర్ క్లాసులో అందరికన్నా బాగా రాసిన కథ చదువుతాడు. ఎంతో కష్టపడి రాసిన కేటీ అది తనదే అవుతుందని ఆశపడుతుంది. కానీ అది హబెల్ కథ. అతని కథానాయకుడు కొంచెం తన దేశంలాంటివాడు, ఇద్దరికీ అన్నీ మరీ తేలిగ్గా దొరికాయి అనే అర్థంతో ఆ కథ మొదలవుతుంది. బయటికి వచ్చాక కేటీ తన కాగితాలు చింపేస్తుంది. అతన్ని అసహ్యించుకోవాలని ఆమెకు ఉంది, కానీ అతను నిజంగానే బాగా రాశాడు. ఆమె ప్రేమ పుట్టింది అక్కడే అని నాకనిపిస్తుంది. అతని అందం దగ్గర కాదు, తన గురించి తనకే అంత నిజాయితీగా తెలిసిన ఆ వాక్యం దగ్గర.

యుద్ధకాలంలో మళ్లీ కలుస్తారు, ప్రేమిస్తారు, విడిపోతారు, మళ్లీ కలిసి పెళ్లి చేసుకుంటారు. అతని నవలను సినిమాగా తీయడానికి హాలీవుడ్ వెళతారు, సముద్రం ఒడ్డున మాలిబులో ఇల్లు తీసుకుంటారు. అక్కడ కమ్యూనిస్టుల వేట మొదలవుతుంది. కేటీ ఊరుకోదు. అతను స్టూడియో చెప్పిన మార్పులన్నీ చేస్తూ పోతాడు, పాత స్నేహితురాలు కారల్ ఆన్‌కు దగ్గరవుతాడు. అప్పటికి కేటీ గర్భవతి. బిడ్డ పుట్టేదాకా ఉండమని అడుగుతుంది. ఉంటాడు. తర్వాత వెళ్లిపోతాడు.

కేటీ కమ్యూనిస్టు, సరే. హబెల్ ఏ పార్టీ?

ఏ పార్టీ కాదు. ఈ సినిమాను చాలామంది ఎడమ, కుడి రాజకీయాల మధ్య ప్రేమగా చెబుతారు. నేను ఒప్పుకోను. హబెల్ కుడివాది అనడానికి సినిమాలో ఒక్క ఆధారం లేదు. కమ్యూనిస్టులనే అనుమానంతో సినిమావాళ్లకు పని ఇవ్వకుండా చేసిన నల్లజాబితాలను అతను సమర్థించడు. కేటీని అవమానించినవాడి మీద చెయ్యి కూడా చేసుకుంటాడు. ఫలానా విషయం తప్పు అని ఆమె అంటే, చాలాసార్లు లోపల అతను కూడా తప్పే అనుకుంటాడు.

తేడా ఎక్కడుందంటే, ఆ తప్పును చూసి కూడా అతను సాయంత్రం పార్టీకి వెళ్లగలడు. ఆమె వెళ్లలేదు. డబ్బు, రంగు, కుటుంబం, చదువు, అన్నీ అతనికి పుట్టుకతో ఉన్నాయి. ప్రభుత్వం మారినా, చట్టం మారినా అతని జీవితం పెద్దగా మారదు. కేటీకి అలా కాదు. పేదింటి యూదుల అమ్మాయి. యూరప్‌లో ఫాసిజం పెరుగుతుంటే అది ఆమెకు పేపర్లో చదివి పక్కన పెట్టే వార్త కాదు. రాజకీయం వదిలేసి బతకమని ఆమెను అడగడం అతనికి చిన్న కోరికలా కనిపిస్తుంది. ఎందుకంటే అతను ఎప్పుడో వదిలేశాడు, దానివల్ల అతనికి ఏ నష్టమూ రాలేదు.

ఈ సినిమాను అభిప్రాయభేదాల కథగా చూస్తే ఇద్దరూ కాస్త సర్దుకుపోతే సరిపోయేదిగా అనిపిస్తుంది. ఎవరు ఎంత పణంగా పెట్టాల్సి వస్తుంది అని చూస్తే, సర్దుబాటు ఎప్పుడూ ఒకవైపు నుంచే ఎందుకు జరిగిందో తెలుస్తుంది.

కాలేజీలో కేటీ ప్రసంగించే ఆ సభ దేని గురించి?

1936 నుంచి 1939 దాకా స్పెయిన్‌లో అంతర్యుద్ధం జరిగింది. ఎన్నికైన ప్రభుత్వం మీద జనరల్ ఫ్రాంకో తిరుగుబాటు చేశాడు. హిట్లర్, ముస్సోలినీ అతనికి ఆయుధాలు, మనుషుల్ని పంపారు. సోవియట్ యూనియన్ ప్రభుత్వ పక్షానికి సాయం చేసింది. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ తాము జోక్యం చేసుకోబోమన్నాయి. ఆ రోజుల్లో అమెరికా కాలేజీల్లో విద్యార్థులు తరగతులు బహిష్కరించి శాంతి సమ్మెలు చేసేవాళ్లు. కేటీ మాట్లాడేది అలాంటి సభలో.

స్ట్రైసాండ్ నటన ఆ సన్నివేశంలో చూడండి. మొదట తడబడుతుంది. నెమ్మదిగా గుంపు ఆమె వైపు తిరుగుతుంది, వింటుంది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి కొందరు కుర్రాళ్లు వెకిలి ప్లకార్డు ఎత్తుతారు. అందరూ నవ్వుతారు. తను గెలుచుకున్న సభ ఒక్క జోకుతో చేజారిపోతుంది. ఆమె అరుస్తుంది, తిడుతుంది, ఇంకా నవ్వులపాలవుతుంది. గుంపులో ఉన్న హబెల్ ఆమెను చూసే చూపులో మాత్రం ఎగతాళి లేదు.

ఒక లోటు కూడా చెప్పాలి. అదే కాలంలో మాస్కోలో స్టాలిన్ తన సొంత పార్టీవాళ్లను విచారణల పేరుతో చంపిస్తున్నాడు. 1939లో హిట్లర్‌తో ఒప్పందం చేసుకున్నాడు. కేటీలాంటి ఎంతోమంది నిజాయితీపరులు ఆ ఒప్పందంతో కుంగిపోయారు, పార్టీ వదిలారు. ఆ బాధను కేటీ ఎలా దాటిందన్న దాని మీద సినిమా నిలబడదు. నిలబడి ఉంటే ఆమె పాత్ర ఇంకా లోతుగా ఉండేది.

రూజ్వెల్ట్ చనిపోయినప్పుడు కేటీ అంత గొడవ ఎందుకు చేస్తుంది?

అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ 1945 ఏప్రిల్ 12న చనిపోయారు. మహామాంద్యంలో పనులు కల్పించిన మనిషిగా, యుద్ధం నడిపిన మనిషిగా పేదవాళ్లు, కార్మికులు ఆయన్ని ఇంట్లో పెద్దదిక్కులా చూసుకున్నారు. హబెల్ స్నేహితుల వర్గానికి ఆయనంటే పడదు. ఆ వార్త వచ్చిన రోజున కూడా వాళ్లు జోకులు వేస్తారు. కేటీ నిండు సభలో వాళ్లను కడిగేస్తుంది.

హబెల్ కోపం ఆ జోకుల మీద కాదు, ఆమె అరిచినందుకు. ఇక మనకు కుదరదు అంటాడు. ఆ రాత్రి ఆమె ఫోన్ చేసి, ఏడుస్తూ, నిద్ర పట్టడం లేదు, ఇలాంటప్పుడు మాట్లాడుకోవడానికి నాకున్న ఆప్త మిత్రుడివి నువ్వే, ఒకసారి రా అని అడుగుతుంది. సినిమా మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సన్నివేశం ఇది. తనని వదిలేసిన మనిషితోనే ఆ బాధ పంచుకోవాలనుకోవడం ఎంత నిజం! అంత గట్టి మనిషి అంత బేలగా అడుగుతుంటే చూడలేం.

హాలీవుడ్‌లో ఏం జరిగింది? ఎందుకంత భయం?

ఇది కాస్త పెద్ద జవాబు. ఇది తెలియకపోతే రెండో సగం సగమే అర్థమవుతుంది.

అమెరికా ప్రతినిధుల సభలో అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం అని ఒకటి 1938 నుంచి ఉండేది. యుద్ధం అయిపోయి రష్యాతో ప్రచ్ఛన్న యుద్ధం మొదలవగానే అది హాలీవుడ్ మీద పడింది. 1947 అక్టోబరులో సినిమావాళ్లను వాషింగ్టన్ పిలిచి విచారించింది. అందరినీ అడిగింది ఒకటే ప్రశ్న: మీరు ఇప్పుడు గానీ, ఇంతకుముందు గానీ కమ్యూనిస్టు పార్టీ సభ్యులా? పదిమంది రచయితలు, దర్శకులు జవాబు చెప్పేందుకు నిరాకరించారు. భావప్రకటన స్వేచ్ఛను కాపాడే రాజ్యాంగ మొదటి సవరణ ప్రకారం ఆ ప్రశ్న అడిగే హక్కే మీకు లేదన్నారు. వాళ్లనే హాలీవుడ్ టెన్ అంటారు.

వాళ్లకు మద్దతుగా దర్శకులు జాన్ హ్యూస్టన్, విలియం వైలర్, రచయిత ఫిలిప్ డన్ ఒక సంఘం పెట్టారు. హంఫ్రీ బోగార్ట్, లారెన్ బకాల్‌లాంటి తారలు విమానంలో వాషింగ్టన్ వెళ్లారు. సినిమాలో కేటీ చేసే వాషింగ్టన్ ప్రయాణానికి ఆధారం ఇదే. వెళ్లినవాళ్ల ధైర్యం ఎక్కువ రోజులు నిలవలేదు. ఒత్తిడి పెరిగాక తాను కమ్యూనిస్టును కానని బోగార్ట్ పత్రికలో వ్యాసం రాసుకోవాల్సి వచ్చింది.

నవంబరులో ఆ పదిమంది మీద సభా ధిక్కారం మోపారు. వెంటనే స్టూడియో యజమానులు న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ అస్టోరియా హోటల్లో సమావేశమై, వాళ్లకు ఇక పని ఇవ్వబోమని ప్రకటించారు. నల్లజాబితా అలా మొదలైంది. పదిమందీ జైలుకెళ్లారు. 1951లో విచారణలు మళ్లీ మొదలైనప్పుడు పరిస్థితి ఇంకా ఘోరం. నీ సంగతి చెబితే చాలదు, నీ స్నేహితుల పేర్లూ చెప్పాలి. చెప్పినవాళ్లకు పని, చెప్పనివాళ్లకు గెంటివేత.

ఎవరు ఎవరి పేరు చెబుతారో తెలియని ఆ గాలి సినిమాలో ఒక సన్నివేశంలో బాగా తెలుస్తుంది. గోడకున్న పటం వెనక దాచిన మైక్ బయటపడుతుంది. అప్పటిదాకా కబుర్లు చెప్పుకున్నవాళ్లందరి ముఖాలు మారిపోతాయి.

మరి వాళ్లు విడిపోవడానికి అసలు కారణం ఏమిటి? హబెల్ వేరే ఆవిడతో ఉన్నందుకా?

ఇప్పుడున్న సినిమా చూస్తే అలాగే అనిపిస్తుంది. విడుదలప్పుడు చాలామంది విమర్శకులు పట్టుకున్న లోపమూ ఇదే: రెండు గంటలు ప్రేమ చూపించి, చివర్లో సరైన కారణం లేకుండా విడదీశారని. వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. ఎందుకంటే కారణం షూట్ చేశారు, తర్వాత తీసేశారు.

విడుదలకు ముందు ప్రేక్షకులకు సినిమా వేసి చూపించినప్పుడు, రాజకీయం ఎక్కువైన చోట వాళ్లు నీరసపడుతున్నారని పోలాక్‌కు అనిపించింది. ఆ భాగంలో కొన్ని సన్నివేశాలు కోసేశారు. వాటిలో రెండు ముఖ్యమైనవి.

ఒకటి: కేటీ కారులో వెళుతూ యూనివర్సిటీ దగ్గర ఆగుతుంది. అక్కడ ఒక విద్యార్థిని, అచ్చం ఒకప్పటి తనలాగే, గుంపు ముందు ప్రసంగిస్తుంటుంది. కేటీ చూస్తూ ఏడ్చేస్తుంది. తను ఏమైపోయిందో ఆమెకు తెలిసివచ్చే క్షణం అది. హబెల్ కోసం, అతని స్నేహితుల కోసం, మాలిబు ఇంటి కోసం తనను తాను ఎంత తగ్గించుకుందో మాటల్లేకుండా తెలుస్తుంది.

రెండోది ఇంకా కీలకం. కాలేజీలో కేటీతో కలిసి పనిచేసిన ఫ్రాంకీ మెక్‌వే ఆమె పేరు బయటపెడతాడు. సినిమా మొదట్లో ఆ కుర్రాడిగా కనిపించేది జేమ్స్ వుడ్స్, కెరీర్ మొదట్లో. ఇప్పుడు కేటీ కూడా పేర్లు చెప్పాలి. చెప్పకపోతే అలాంటి భార్య ఉన్నందుకు హబెల్ ఉద్యోగం పోతుంది. విడాకులు తీసుకుంటే అతనికి అలాంటి భార్యే ఉండదు, గొడవ తీరిపోతుంది. ఈ మాట వాళ్లిద్దరి మధ్యా వస్తుంది. నువ్వు పోరాడు, నేను నీ పక్కన ఉంటాను అని హబెల్ అనడు. అతను అనడని ఆమెకు అర్థమవుతుంది.

ఈ సన్నివేశంతో చూస్తే కథ పూర్తిగా మారిపోతుంది. కారల్ ఆన్ వ్యవహారం ఒక లక్షణంగా మిగులుతుంది, జబ్బు వేరేది. పెళ్లిని నిలబెట్టాలంటే ఆమె స్నేహితులను పట్టివ్వాలి, లేదా అతను కెరీర్ వదులుకోవాలి. ఇద్దరూ తమకు సాధ్యం కానిది చేయలేదు. ప్రేమ తగ్గి విడిపోలేదు వాళ్లు. స్ట్రైసాండ్ ఈ సన్నివేశాల కోసం దశాబ్దాల పాటు పోరాడారంటే ఆశ్చర్యం లేదు. ఆమె పక్షమే నాదీ. టికెట్లు అమ్ముడవడానికి ఆ కోత పనికొచ్చి ఉండొచ్చు, కానీ ఒక మంచి రాజకీయ చిత్రం అందమైన కన్నీటి కథగా మిగిలింది.

రైల్వే స్టేషన్ దగ్గర వాదనలో ఎవరిది ఒప్పు?

వాషింగ్టన్ నుంచి తిరిగొచ్చిన కేటీ బృందాన్ని లాస్ ఏంజలిస్ స్టేషన్లో గుంపు చుట్టుముట్టి తిడుతుంది. తోపులాటలో హబెల్ ఒకడిని కొడతాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఒక గదిలో చిక్కుకుని గొడవపడతారు. హబెల్ వాదన ఇది: కొన్నేళ్లు పోతే అంతా మర్చిపోతారు. ఇవాళ తిడుతున్న నిర్మాతే రేపు అవసరమొచ్చి, ఇవాళ తిట్లు తింటున్న రచయితనే పిలిచి సినిమా రాయించుకుంటాడు. మధ్యలో మనుషులు నలిగిపోవడం తప్ప సాధించేది ఏమిటి? సిద్ధాంతాలకంటే మనుషులు ముఖ్యం కాదా? దానికి కేటీ, మనుషులంటేనే వాళ్లు నమ్మినవి కదా అని అడుగుతుంది.

హబెల్ జోస్యం చరిత్రలో అక్షరాలా నిజమైంది. జైలుకెళ్లిన పదిమందిలో ఒకరైన డాల్టన్ ట్రంబో దొంగపేర్లతో రాస్తూ బతికాడు. 1957లో కథకు ఆస్కార్ గెలిచిన రాబర్ట్ రిచ్ అనే మనిషి వేదిక మీదకు రాలేదు, ఎందుకంటే అలాంటి మనిషే లేడు, అది ట్రంబో. 1960లో నిర్మాతలు ఆయన అసలు పేరును మళ్లీ తెరమీద వేశారు. హబెల్ అన్నట్టే జరిగింది కదా?

కానీ ఆ 13 ఏళ్లు ఊరికే గడవలేదు. నటుడు జాన్ గార్ఫీల్డ్ పేర్లు చెప్పలేదు, పని దొరకలేదు, 1952లో 39 ఏళ్లకే గుండె ఆగి చనిపోయాడు. మరికొందరు దేశం వదిలారు. ఎన్నో ఇళ్లు కూలాయి. జాబితా దానంతటదే కరగలేదు. పేర్లు చెప్పనన్నవాళ్లు, దొంగచాటుగా రాస్తూ పట్టు వదలనివాళ్లు, చివరికి ధైర్యం చేసినవాళ్లు ఉన్నారు కాబట్టి కరిగింది. కొన్నేళ్లాగితే సర్దుకుంటుంది అనే మాట, ఆ కొన్నేళ్లూ ఏ ఇబ్బందీ లేకుండా ఉండగలిగినవాళ్లకే సులువు. నేను కేటీ వైపే. అయినా హబెల్ గొంతులో ఆ క్షణంలో ఉన్న భయం నిజమైనదే: అతను సిద్ధాంతంతో వాదించడం లేదు, గర్భంతో ఉన్న భార్యను గుంపులో చూసి బెదిరిపోయాడు. రెడ్‌ఫర్డ్ దాన్ని ఎంత బాగా చేశాడో!

కేటీ మరీ విసిగించదా? ప్రతిదానికీ ఉపన్యాసమే కదా?

విసిగిస్తుంది. అలా రాశారు కాబట్టే ఆమె మనిషిలా ఉంది. హాస్యం తెలియదు, ఎదుటివాళ్లకు ఊపిరి ఆడనివ్వదు, హబెల్ గొప్ప నవల రాయాలని అతనికన్నా ఎక్కువ పట్టుబడుతుంది. అది ప్రేమే, బరువు కూడా.

అయితే ఒక సంగతి గమనించండి. ఆమె మారడానికి చాలా ప్రయత్నిస్తుంది. జుట్టు సాఫీ చేయించుకుంటుంది, వంటలు నేర్చుకుంటుంది, నచ్చని స్నేహితులకు విందులిస్తుంది. అతను ఆమె కోసం మార్చుకున్నది ఏదైనా ఒకటి చెప్పమంటే నాకు దొరకలేదు.

ఆ జుట్టు సంగతి ఏమిటి?

కాలేజీలో కేటీది ఉంగరాల జుట్టు. హబెల్‌తో ఉన్న ఏళ్లలో అది నున్నగా, ఫ్యాషన్‌గా మారుతుంది. చివరి సన్నివేశంలో మళ్లీ ఉంగరాలు. ఆమె యూదురాలు, అతను పాత ప్రొటెస్టెంట్ కుటుంబాల అబ్బాయి. ఆ వర్గంలో ఇమడడానికి ఆమె చేసిన ప్రయత్నం జుట్టులో కనిపిస్తుంది. సంభాషణల్లో ఎక్కడా దీన్ని అరిచి చెప్పరు.

నిద్రలో ఉన్న హబెల్ పక్కన ఆమె పడుకునే సన్నివేశం ఇబ్బందిగా లేదా?

ఉంది. అతను బాగా తాగి ఉన్నాడు, తన పక్కన ఉన్నది ఎవరో కూడా అతనికి తెలిసినట్టు లేదు. 1973లో దాన్ని కేటీ ఒంటరితనంగా మాత్రమే చూశారు. ఇవాళ చూస్తే సమ్మతి గురించి ప్రశ్న రాకుండా ఉండదు, రావాలి కూడా.

పాట గురించి చెప్పండి.

సినిమా పేరే పాట పేరు కూడా. సంగీతం మార్విన్ హామ్లిష్, మాటలు అలన్, మారిలిన్ బర్గ్‌మన్ దంపతులవి. పాడింది స్ట్రైసాండ్. 1974లో అమెరికా బిల్‌బోర్డ్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. సినిమా పేరు తెలియనివాళ్లకు కూడా ఆ హమ్మింగ్ తెలుసు.

విషాద కథ కదా అని హామ్లిష్ బాణీని పూర్తి విషాదంలో ముంచలేదు. పాశ్చాత్య సంగీతంలో ఉల్లాసంగా వినిపించే మేజర్ స్వరాల్లో కట్టాడు. అందుకే వింటుంటే ఏడుపుకన్నా ముందు హాయి తగులుతుంది, తర్వాత గుండె బరువెక్కుతుంది. చివరి సన్నివేశానికి మొదట ఆ ప్రధాన బాణీ వాడలేదు. ప్రివ్యూలో జనం అనుకున్నంతగా కదలకపోయేసరికి, హామ్లిష్ ఆ బాణీ పెట్టి మళ్లీ రికార్డు చేశాడు. ఇవాళ ఆ బాణీ లేకుండా ముగింపును ఊహించలేం.

ఎన్ని ఆస్కార్లు వచ్చాయి?

6 నామినేషన్లు, 2 అవార్డులు: నేపథ్య సంగీతానికి, పాటకు. ఉత్తమ నటిగా స్ట్రైసాండ్ పోటీలో నిలిచారు కానీ ఆ ఏడాది గ్లెండా జాక్సన్‌కు వెళ్లింది. అదే రాత్రి మరో సినిమాకు చేసిన పనికీ కలిపి హామ్లిష్ మొత్తం 3 ఆస్కార్లు ఇంటికి తీసుకెళ్లాడు.

రెడ్‌ఫర్డ్ మొదట ఒప్పుకోలేదని విన్నాం, నిజమా?

నిజమే. తొలి స్క్రిప్టులో హబెల్‌కు సొంత ఆలోచన లేదని, స్ట్రైసాండ్ పక్కన నిలబడే అందమైన బొమ్మ అని ఆయనకు అనిపించింది. పోలాక్ ఆయనకు పాత మిత్రుడు. ఇద్దరూ కలిసి మొత్తం 7 సినిమాలు చేశారు. పోలాక్ పట్టుబట్టి ఒప్పించి, ఆల్విన్ సార్జెంట్, డేవిడ్ రేఫీల్ అనే రచయితలతో ఆ పాత్రను బలపరిచాడు. లారెంట్స్‌ను మధ్యలో తప్పించి, తర్వాత మళ్లీ పిలిచారు. స్టేషన్ వాదనలో హబెల్ మాట అంత పదునుగా ఉందంటే ఆ పట్టుదల వల్లే. అతని వైపు వాదన బలహీనంగా ఉంటే కేటీ గెలుపుకు విలువుండేది కాదు.

ఇది నిజంగా జరిగిన కథా?

నిజానికి దగ్గరిది. లారెంట్స్ 1930లలో కార్నెల్ యూనివర్సిటీలో చదివారు. అక్కడ చూసిన ఒక వామపక్ష విద్యార్థిని కేటీకి మూలం. హాలీవుడ్‌లో నల్లజాబితా దెబ్బ ఆయన స్వయంగా తిన్నారు. మాలిబు పార్టీలు, గుసగుసలు, ఎవరిని నమ్మాలో తెలియని స్థితి, ఇవన్నీ ఆయన చూసినవే. కాలేజీ సన్నివేశాల షూటింగ్ మాత్రం న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీలో, యూనియన్ కాలేజీలో జరిగింది.

చివరి సన్నివేశంలో ఏం జరుగుతుంది? ఎందుకంత పేరు?

ఏళ్ల తర్వాత న్యూయార్క్‌లో ప్లాజా హోటల్ ఎదురుగా అనుకోకుండా కలుస్తారు. అతను టీవీకి రాస్తున్నాడు, పక్కన ఒక అందమైన అమ్మాయి ఉంది. కేటీ అణుబాంబులకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచుతోంది. ఆమెకు మళ్లీ పెళ్లయింది. నువ్వెప్పటికీ వదలవు కదా అంటాడు అతను. ఆమె చేతికి గ్లవ్ ఉంది. ఎప్పటిలాగే అతని నుదుటి మీద పడ్డ జుట్టును పక్కకు తోస్తుంది.

దీనికి పేరు రావడానికి కారణం నాకు తెలిసినంతలో ఇది: ఎవరూ పశ్చాత్తాపపడరు. నేను తప్పు చేశాను, మళ్లీ మొదలుపెడదాం అనే మాట రాదు. ఆమె కాలేజీలో ఏం చేసేదో అదే చేస్తోంది. అతను తను రాసుకున్న కథలోని మనిషిలాగే, తేలిగ్గా దొరికిన చోట ఉన్నాడు. ఇద్దరికీ ప్రేమ అలాగే ఉంది, కలిసి బతకలేమని కూడా అంతే స్పష్టంగా తెలుసు.

కూతురి సంగతి?

పేరు రేచల్. ఆ మారుతండ్రి మంచివాడేనా అని హబెల్ అడుగుతాడు. మంచివాడే అంటుంది కేటీ. కన్నతండ్రి కూతురిని చూడటానికి రాకపోవడాన్ని సినిమా చాలా మెత్తగా దాటేసింది. హబెల్ మీద నాకున్న కోపాల్లో ఇదే పెద్దది.

సీక్వెల్ ఎందుకు రాలేదు?

చాలా ఏళ్లు మాటలు నడిచాయి, స్ట్రైసాండ్‌కు ఆసక్తి ఉండేది. రెడ్‌ఫర్డ్‌కు లేదు. పోలాక్ 2008లో, లారెంట్స్ 2011లో, హామ్లిష్ 2012లో, రెడ్‌ఫర్డ్ 2025 సెప్టెంబరులో కన్నుమూశారు. రాకపోవడమే మంచిదైంది.

ఏ వెర్షన్ చూడాలి?

2023లో 50 ఏళ్ల సందర్భంగా విడుదల చేసిన ఎడిషన్‌లో, పైన చెప్పిన రెండు సన్నివేశాలు తిరిగి కలిపిన వెర్షన్ కూడా ఉంది. మొదటిసారి చూసేవాళ్లకు నా సలహా నేరుగా అదే. థియేటర్ వెర్షన్ ముందే చూసినవాళ్లు సినిమా మొత్తం మళ్లీ చూసే తీరిక లేకపోతే, స్టేషన్ గొడవ దగ్గర నుంచి చివరిదాకా చూసినా చాలు. తేడా అంతా అక్కడే ఉంది. ఎవరితోనైనా కలిసి చూస్తే ఇంకా మంచిది, ఎందుకంటే అయిపోగానే హబెల్ గురించి వాదన మొదలవుతుంది.